నూనె పూసిన మరిగె

2021 ఆగస్టులో తిరుపతిలోని ఒక బంగారు మ్యూజియంలో డాక్యుమెంటేషన్ అసిస్టెంటుగా చేరాను. మూడేళ్ళ రెండు నెలలు చేసి మానేశాను. ఇలాంటి జ్ఞాపకాలు మామూలుగా పెన్షన్ తీసుకునేవాళ్ళు రాస్తారు. నాకు ఇప్పుడు ఇరవై తొమ్మిదేళ్ళు. కానీ ఆ పనికి మళ్ళీ వెళ్ళను కాబట్టి నా వరకు అది విరమణే.

మాది నగరి. నాయనకు రెండు మరమగ్గాలు ఉండేవి. చరిత్రలో ఎం.ఏ. చేశాక ఈ ఉద్యోగం దొరికింది. మ్యూజియం ఒక ప్రైవేటు ట్రస్టుది. కింది అంతస్తులో బంగారం భూమిలోంచి ఎలా వస్తుందో చూపించే నమూనాలు, మొదటి అంతస్తులో నగలు, రెండో అంతస్తులో పనిముట్లు. అన్నిటికీ పైన క్యురేటర్ సారు. ఆయన కింద రిజిస్ట్రార్ ఉండాలి. వస్తువుల రాకపోకలు రాసేది ఆ ఉద్యోగే. ఆ పోస్టు ఖాళీగా ఉండడం వల్ల ఆ పని కూడా నా మీదే పడింది. నా తర్వాత గైడ్లు, గ్యాలరీల్లో కూర్చునే అటెండర్లు.

కాగితాలతో పని నాకు సుఖంగా ఉండేది. నలుగురిలో మాట్లాడాలంటే గొంతు లేవదు. గైడ్లు గడగడా చెప్పుకుంటూ పోతుంటే తలుపు చాటున నిలబడి వినేదాన్ని. వస్తువు పక్కన పెట్టే చిన్న అట్ట మీద తెలుగు రాత నాది. దాన్ని లేబుల్ అంటాం. అరవై మాటలు మించకూడదని నియమం. రోజూ డైరీ రాసే అలవాటు వల్లనేమో, ఆ అరవై మాటలను నాలుగైదుసార్లు తిరగరాసేదాన్ని. నేను రాసింది అచ్చులో కనిపించే చోటు అదొక్కటే. చదివేవాళ్ళెవరైనా ఆ అట్ట ముందు ఒక్క క్షణం ఎక్కువ ఆగితే ఆ పూటంతా నాకు సంతోషంగా ఉండేది.

మ్యూజియంలోకి వస్తువు రెండు రకాలుగా వస్తుంది. ఒకటి దానం, రెండోది ఎరవు. దానమైతే ఒక పేజీ పత్రం, ఇచ్చినవాళ్ళ సంతకం, అంతే. వస్తువు ఇక మ్యూజియం సొత్తు. ఎరవైతే నాలుగు పేజీలు. వస్తువు ఏ స్థితిలో ఉందో ఫొటోలతో సహా రాయాలి, ఎప్పుడు తిరిగి ఇస్తామో చెప్పాలి, ట్రస్టు కార్యదర్శి సంతకం కావాలి. ఆ సంతకానికే రెండు వారాలు పడుతుంది.

2023 మొదట్లో రెండో అంతస్తులో ఒక కొత్త గది తెరవాలనుకున్నారు. బంగారం పనిలో ఎవరూ తలచుకోని మనుషుల కోసం ఆ గది. కంసాలి అంగళ్ళ ముందు మట్టి ఊడ్చి, కడిగి, అందులో రాలిన బంగారం తీసేవాళ్ళు కొందరు ఇప్పటికీ ఉన్నారు. ఆకురాయి పట్టినప్పుడు, నగ కోసినప్పుడు కంటికి కనపడనంత సన్నగా రాలే పొడిని రజను అంటారు. అది చెప్పులకు అంటుకుని, చీపురుకు చిక్కుకుని వీధిలోకి వస్తుంది. ఆ పనివాళ్ళ సామాను ఏదైనా పట్టుకురమ్మని సారు నన్ను చిత్తూరు పంపించారు. గది తెరవడానికి పది రోజులే గడువు.

ఒక కంసాలి దారి చూపిస్తే మునెమ్మ ఇంటికి వెళ్ళాను. అరవై దాటిన మనిషి. ఇంటి వెనక సిమెంటు తొట్టి దగ్గర కూర్చుని మట్టి జల్లిస్తోంది. అవ్వా అని పిలిచాను.

"అవ్వంట! నా పండ్లు సూడు పాపా, ఒగటన్నా ఊడిందా?" అని నోరు తెరిచి చూపించింది. నిజంగానే ఒక్కటీ ఊడలేదు. నేను తలదించుకుంటే నవ్వి, "పిలుసుకో, పిలుసుకో. నాకేమీ తరగదులే" అంది.

జల్లించిన మట్టిని ఆమె ఒక చెక్క పళ్ళెంలో పోసింది. రెండు జానల వెడల్పు, నడుమ చిన్న గుంట. వాళ్ళు దాన్ని మరిగె అంటారు. ఏ చెట్టు చెక్కో ఆమెకు తెలియదు. వాళ్ళ మామ తండ్రి చేయించాడట. నల్లగా, ఎండిపోయి, ఏ మెరుపూ లేకుండా ఉంది. ఒక పక్క పగిలితే రాగితీగతో కుట్టారు. నీళ్ళు పోసి, మరిగెను మెల్లగా తిప్పుతూ, వంచుతూ, పైన తేలిన మట్టిని తొట్టిలోకి వదిలేస్తోంది. చివరికి నల్లటి ఇసుక మిగిలింది. అందులో పాదరసం వేసి పిసికితే బంగారం దానికి అతుక్కుంటుంది. ఆ ఇసుక అంచున పసుపుపచ్చగా ఒక గీత కనిపించింది. దగ్గరగా చూద్దామని చెయ్యి చాపాను.

"ముట్టొద్దు!"

అంత గట్టిగా అరుస్తుందనుకోలేదు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"తల్లో నూనె పెట్టుకోనుండావు. ఆ సేత్తోనే జడ సవరించుకుంటివి, నేను సూస్తానే ఉండా. నూనె తగిలితే చెక్కకి నీళ్ళు అంటవు పాపా. సన్న రజను మునగదు, తేలతాది. తేలిందంటే కాలవలోకి పాయ."

ఆమె జుట్టు పీచులా ఉంది. పెళ్ళయి ఆ ఇంటికి వచ్చిన రోజు నుంచి తలకు నూనె రాసుకోలేదని చెప్పింది. అత్త రాసుకోనివ్వలేదట. "మొదట్లో ఏడిస్తి. పదహైదేండ్ల పిల్లకి జడ మీదే గదా పాణం. ఇప్పుడు అలవాటైపాయ." పోపు పెట్టాలన్నా, వడలు కాల్చాలన్నా ఆ రోజు కడగడం పూర్తయ్యాకే. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాను. రాస్తున్నప్పుడే లేబుల్ వాక్యాలు మనసులో అమరుతున్నాయి.

మ్యూజియంలో పెట్టడానికి మరిగె కావాలని అడిగాను. మునెమ్మ మరిగెను పక్కన పెట్టింది. తర్వాత ఒక సంగతి చెప్పింది. ఆ వీధిలో అన్నిటికన్నా పాత అంగడి ఒక ఆచారిది. దాన్ని పడగొట్టి మూడంతస్తులు కడుతున్నారు. దాని నేల మట్టినేల. బండలు వేయలేదు. మూడు తరాల రజను ఆ నేలలోకి దిగి ఉంది. పడగొట్టేటప్పుడు పై జానెడు మన్ను నీదే అని ఆచారి ఆమెకు మాట ఇచ్చాడు.

"ఇప్పుడు అంగళ్ళన్నీ అద్దం మాదిరి బండలేసుకున్నారు. మిసనీతో దుమ్ము పీల్చేస్తారు. వీదిలోకి ఏమొస్తాది, నా మొగం! ఆ ఒక్క నేల కడిగితే సాలు పాపా, ఇంక నడుము వంచను. అదే నా పింఛను."

పడగొట్టేది నెల తర్వాత. అంతవరకు కావాలంటే పెట్టుకో, ఆ రోజుకు నా మరిగె నాకియ్యి అంది. సరేనన్నాను. సరేనన్నప్పుడు నాకు వేరే ఉద్దేశం లేదు.

బయటికి వచ్చి సారుకు ఫోన్ చేసి ఎరవుగా ఇస్తారట సార్ అని చెప్పాను. ఆయన విసుక్కోలేదు కూడా. పది రోజుల్లో కార్యదర్శి సంతకం రాదు, ఒక చెక్క పళ్ళేనికి నాలుగు పేజీలు ఎందుకు, దానం కింద రాయించెయ్యి, అడిగితే అప్పుడు చూద్దాం అన్నారు. నెల తర్వాత ఆమెకు అది పనికి కావాలని నేను చెప్పాల్సింది. చెప్పలేదు. "సరే సార్" అన్నాను. పైవాళ్ళు ఏది చెప్పినా నా నోట్లోంచి మొదట వచ్చే మాట అదే.

సంచిలోంచి దాన పత్రం తీసి మునెమ్మ ముందు పెట్టాను.

"సదువు పాపా, ఏముండాదో."

అందులో ఉన్నది ఇది: నా సొంత వస్తువును మ్యూజియానికి శాశ్వతంగా దానం చేస్తున్నాను, దీనిపై నాకు గాని నా వారసులకు గాని ఇకమీదట ఏ హక్కూ ఉండదు.

నేను చదివినది ఇది: మునెమ్మ అను నేను నా మరిగెను నెల రోజుల కోసం మ్యూజియానికి ఎరవుగా ఇస్తున్నాను, అడిగిన నాడు భద్రంగా తిరిగి ఇవ్వగలరు.

ఎక్కడా తడబడలేదు. కాగితం మీద చూపు వరుసగా కదిలించాను. చదివిన పుస్తకాల పుణ్యమా అని పత్రాల్లో ఉండే భాష సరిగ్గా వచ్చింది, "ఇవ్వగలరు" అనే మాటతో సహా. మామూలుగా కొత్తవాళ్ళ ముందు నాలుగు మాటలు కలిపి చెప్పలేనిదాన్ని, ఆ అబద్ధాన్ని మాత్రం మంచి గొంతుతో చదివాను. ఆఫీసుకు వెళ్ళగానే ఎరవు పత్రం పెట్టి దీన్ని చించేద్దామని అనుకున్నాను. అలా అనుకోవడం వల్లే అంత ధైర్యంగా చదవగలిగానేమో.

మునెమ్మ వేలిముద్ర వేసింది. వేసి, స్టాంపు సిరా వాసన చూసింది. "దీంట్లోనూ నూనె ఉండాదే" అని బూడిదతో, మట్టితో ఆ వేలు రుద్దుకుంది. ఆ తర్వాతే మరిగెను తాకింది. గోనెపట్టలో చుట్టి నాకు ఇచ్చింది. "నూనె సంగతి రాసుకుంటివి గదా? నీ మాదిరి సదువుకున్నోళ్ళకి రెండుమార్లు సెప్పల్సిన పన్లే."

మ్యూజియంలో చెక్క వస్తువుకు ఒక పద్ధతి ఉండేది. ముందు పురుగు చావడానికి మందుపెట్టి మూడు రోజులు మూసి ఉంచుతాం. తర్వాత మెత్తటి కుంచెతో దుమ్ము దులిపి, అడుగున ఒక మూల నంబరు వేస్తాం, దాన్ని ప్రవేశ సంఖ్య అంటాం. చివర గుడ్డతో అవిసె గింజల నూనె పలచగా పట్టిస్తాం. చెక్క పగలకుండా ఉంటుందని, అద్దాల పెట్టెలో దీపం కింద నిండుగా కనిపిస్తుందని సారు నేర్పిన పద్ధతి. ఇది వేరే చోట్ల మానేశారని తర్వాత తెలిసింది.

నూనె సీసా బల్ల మీద పెట్టుకుని నేను ఎంతసేపు కూర్చున్నానో గుర్తులేదు. సారు గుమ్మంలోకి వచ్చి "అయిందామ్మా?" అని అడిగారు. "దీనికి నూనె రాయకూడదట సార్" అని చెప్పడానికి ఒక్క వాక్యం చాలు. ఆయన కోపిష్ఠి కాదు. వినేవారు కూడా. కానీ ఆ వాక్యం చెబితే ఎందుకు రాయకూడదు, మళ్ళీ వాడుతుందా, మరి దానం అని ఎలా రాయించావు అనే ప్రశ్నలు వరుసగా వస్తాయి. "అవుతోంది సార్" అన్నాను. ఎలాగూ దానం కింద రాసేశాం, అద్దంలోనే ఉంటుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చెక్క చాలా ఎండిపోయి ఉంది. రాసిన నూనె రాసినట్టే పీల్చేసింది. మూడుసార్లు రాయాల్సి వచ్చింది.

ఆ రోజు డైరీ ఇప్పుడు తీసి చూశాను. "ఉక్కపోత. పని ఎక్కువ" అని మాత్రమే ఉంది.

లేబుల్ మాత్రం మరుసటి రోజు డైరీలో ఎత్తి రాసుకున్నాను. బాగా వచ్చిందని. అది ఇది:

"మరిగె. చెక్క, రాగి తీగ. చిత్తూరు. కంసాలి అంగళ్ళ ముందు ఊడ్చిన మట్టిని ఈ పళ్ళెంలో కడిగి బంగారు రజను వేరు చేస్తారు. రజను తేలిపోకుండా దీనికి నూనె చెయ్యి తగలనివ్వరు. అందుకే ఈ ఇంటి కోడళ్ళు జీవితమంతా తలకు నూనె రాసుకోరు. శ్రీమతి మునెమ్మ గారి దానం."

సారు చదివి, ఈ గదిలో అన్నిటికన్నా మంచి లేబుల్ ఇదేనన్నారు. నిగనిగలాడే మరిగె పక్కన ఆ అట్ట దాదాపు మూడు వారాలు ఉంది. వచ్చినవాళ్ళు చదివి, తలలు ఊపి, ముందుకు పోయారు. మరి ఇది ఎందుకు మెరుస్తోందని ఒక్కరు కూడా అడగలేదు. ఎరవు పత్రం నా సొరుగులోనే ఉండిపోయింది.

నెల నిండడానికి రెండు రోజుల ముందు, బుధవారం పొద్దున్న, కౌంటరు నుంచి నన్ను పిలిచారు. మునెమ్మ టికెట్టు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఉతికిన చీర, మెడలో పసుపుతాడు, చెవులకు పుల్లలు. బంగారమన్నది ఒంటి మీద లేదు. శుక్రవారం ఆచారి అంగడి పడగొడుతున్నారని, మరిగె తీసుకుపోవడానికి వచ్చానని చెప్పింది.

అక్కడే చెప్పాల్సింది. "వచ్చావు కదా, ముందు అంతా చూద్దువు రా అవ్వా" అన్నాను. ఎప్పుడూ గైడు పని చేయని నేను ఆ రోజు ఆమెకు మూడంతస్తులూ చూపించాను. మర్యాద కోసం కాదు. రెండో అంతస్తు ఎంత ఆలస్యంగా వస్తే అంత మంచిదని.

గని నమూనా ముందు మీట నొక్కితే చిన్న దీపాలు వెలుగుతాయి. రెండుసార్లు నొక్కించాను. మొదటి అంతస్తులో కాసుల పేరు, వంకీ, జడ నాగరం, ఒక్కొక్కటి ఏ కాలంలో ఎలా చేసేవారో చెప్పాను. మునెమ్మ నగల వంక ఎక్కువ చూడలేదు. నేల వంక చూసింది.

"ఇంత బంగారం పెట్టి కింద మాత్రం నున్నని బండలేసినారే! ఏం రాలినా నాలాంటోళ్ళకి దొరకదు." తర్వాత మూల నిలబడ్డ అటెండరు వైపు చూసి, వినపడేటట్టే, "ఈడ ఊడిసేది ఎవరు పాపా? ఆయమ్మని ఒగసారి కలపరాదా" అంది. అటెండరు నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. ఇంకో పావుగంట గడిచిందని లోపల లెక్క వేసుకుంటూ నవ్వాను.

జడ నాగరం దగ్గర మాత్రం ఆగింది. "దీన్ని పెట్టుకున్నామె జడకి ఎంత నూనె పట్టించుంటాదో!" అని తన తల తడుముకుంది.

రెండో అంతస్తులో ఆ గదిలోకి వెళ్ళాం. మునెమ్మ మరిగె ముందు నుంచి నడిచి వెళ్ళిపోయింది. గదంతా తిరిగి, ఆకురాళ్ళు, తక్కెడలు, ఊదుగొట్టాలు చూసి నా దగ్గరికి వచ్చి అడిగింది.

"నాది యాడ పెట్టినారు?"

నేను చూపించాను.

"అది నాది కాదు పాపా. అదేదో కొత్తది, మెరస్తా ఉండాది." అద్దం దగ్గరికి వంగింది. రాగితీగ కుట్టు చూసింది. వేలితో అద్దం మీద ఆ కుట్టు పొడుగునా గీసింది.

"నూనె ఎవురు పూసినారు?"

"నేనే అవ్వా."

ఆమె తిరిగి నా ముఖం చూడలేదు. అట్ట వైపు చెయ్యి చూపించింది. "ఈడ ఏమి రాసినారు? సదువు."

ఈసారి ఉన్నది ఉన్నట్టు చదివాను. నూనె చెయ్యి తగలనివ్వరు అన్న చోట ఆగిపోయాను. మళ్ళీ మొదలుపెట్టి చదివాను. కోడళ్ళు తలకు నూనె రాసుకోరు అన్నది చదివాను. చివరి మాట కూడా చదివాను.

"దానమా? నేనెప్పుడు ఇస్తిని?"

"ఆ రోజు కాగితంలో అదే ఉంది అవ్వా."

"నువ్వు సదివింది అది కాదే."

"కాదు."

పక్కన ఒక కుటుంబం మా వెనకే నిలబడి లేబుల్ చదవడానికి ఎదురుచూస్తోంది. మునెమ్మ వాళ్ళకు దారి ఇస్తూ పక్కకు జరిగింది.

సారు గదికి వెళ్ళి మొత్తం చెప్పాను. చదివిన అబద్ధంతో సహా. ఆయన ముఖం చిన్నబోయింది. నిజం చెప్పాలంటే, నూనె గురించి ఆయనకు నిజంగా తెలియదు. లేబుల్ చదివినా, తోచలేదు. కానీ ఒకసారి ప్రవేశ సంఖ్య పడ్డ వస్తువును క్యురేటర్ ఒక్కరే బయటికి పంపలేరు. ట్రస్టు కమిటీ తీర్మానం కావాలి. కమిటీ కూర్చునేది మూడు నెలలకొకసారి. ఆయనే కిందికి వచ్చి ఈ సంగతి మునెమ్మకు వివరించారు. ఆమె పేరు గోడ మీద శాశ్వతంగా ఉంటుందని, వార్షికోత్సవానికి పిలిచి శాలువా కప్పుతామని అన్నారు.

"సాలువా యాడ కప్పుకునేది సారూ, ఈ ఎండలకి" అంది మునెమ్మ. "మీ కాయితాలు మీకు. ఇప్పుడిచ్చినా ఆ చెక్కతో నాకు పన్లే. మీ పాప సెప్తాది ఎందుకో."

బస్టాండుకు వెళ్ళే బస్సు ఎక్కడ ఆగుతుందో అటెండరును అడిగింది. నన్ను అడగలేదు.

శుక్రవారం నేను చిత్తూరు వెళ్ళాల్సింది. మన్ను మోయడానికైనా. సెలవు చీటీ రాసుకున్నాను కూడా. ఆమె ముఖం చూడలేక వెళ్ళలేదు. ఆ రోజు కూర్చుని ఏడు లేబుళ్ళు రాశాను.

మరిగెను తిరిగి ఇచ్చే తీర్మానం రెండు సమావేశాలు దాటి, ఏడో నెలలో వచ్చింది. సారు పట్టుబట్టకపోతే అదీ వచ్చేది కాదు. అప్పగించే పని నాకే ఇచ్చారు. అదే గోనెపట్టలో చుట్టుకుని తీసుకెళ్ళాను.

మునెమ్మ తొట్టి దగ్గరే ఉంది. ముందు ఒక రేకు తట్ట ఉంది. కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. అంగడి నేల సంగతి అడిగాను. నున్నటి రేకులో మన్ను నిలవదని, మరిగెలో ఒక పూటలో కడిగేది దీంట్లో మూడు రోజులు పట్టిందని చెప్పింది. ఆచారి మంచివాడే, నాలుగు రోజులు ఆపాడు. తర్వాత కాంట్రాక్టరు ట్రాక్టర్లు తెచ్చాడు. మిగిలిన మన్ను ఊరి బయట గుంతలు పూడ్చడానికి పోయింది. కడిగిన దాంట్లోంచి కూడా సన్న రజను చాలావరకు నీళ్ళతో పోయింది. దొరికింది ఎంతో ఆమె చెప్పలేదు. ఇంకా తొట్టి దగ్గరే కూర్చుని ఉంది కాబట్టి నేను అడగలేదు.

మరిగెను విప్పి, కుంకుడురసంతో, బూడిదతో, ఇటుకపొడితో తోమింది. మూడుసార్లు. ఎండలో పెట్టింది. నేను గోడ నీడలో నిలబడ్డాను. మధ్యాహ్నం దాటాక తీసి అందులో నీళ్ళు పోసింది. నీళ్ళు చెక్కలోకి ఇంకలేదు. గుండ్రంగా బొట్లు బొట్లుగా నిలబడ్డాయి. ఒక కాగితం పొట్లం విప్పి చిటికెడు రజను తీసి మరిగెలో వేసి తిప్పింది.

"రా, సూడు."

దగ్గరికి వెళ్ళాను. నీళ్ళ మీద బంగారం తేలుతోంది. పసుపుపచ్చటి పొర. ఆమె అంచు వంచగానే నీళ్ళతో పాటు జారి తొట్టిలోకి పోయింది. కష్టపడి తీసిన రజను అది. నాకు చూపించడం కోసం పారబోసింది.

అప్పగింత రసీదు మీద ఆమె వేలిముద్ర కావాలి. కాగితం తీసి ఆమె పక్కన కూర్చుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివాను. ప్రవేశ సంఖ్య, వస్తువు పేరు, తీర్మానం తేదీ. చివరి వరుస: "స్థితి: బాగుంది." అది ఆఫీసులో నేనే టైపు చేసి తెచ్చాను. పగలకపోతే, పురుగు పట్టకపోతే బాగుంది అని రాయడం మా వాడుక.

"బాగుందనా రాసినారు?" అంది మునెమ్మ.

పెన్ను తీసి ఆ మాట కొట్టేసి, పైన "నూనె పట్టించినందున పనికి రాదు" అని రాసి, పక్కన నా పొట్టి సంతకం పెట్టాను. రాసింది మళ్ళీ చదివి వినిపించాను. అప్పుడు ఆమె వేలు చాపింది. ఈసారి సిరా వాసన చూడలేదు. కడుక్కోనూ లేదు. మరిగెను తీసుకుపోయి వంటింట్లో గూట్లో పెట్టింది. "బియ్యం ఏరుకునేదానికి పనికొస్తాది" అంది.

ఆ కొట్టివేతకు ట్రస్టు నుంచి నాకు మెమో వచ్చింది. పత్రంలో ఏ అబద్ధం చదివానో జవాబులో రాసి ఇచ్చాను. ఉద్యోగం తీసేయలేదు. ఆ పైన ఇంకో ఏడాది చేశాను. మ్యూజియంలో చెక్కకు నూనె రాయడం మానేశారు. ఆ గదిలో మరిగె ఉన్న చోట ఇప్పుడు ఒక తక్కెడ ఉంది.

ప్రస్తుతం సత్యవేడులో ఒక జూనియర్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. పిల్లల తల్లులు ఫారాలు తెస్తారు. చాలామంది, నువ్వే రాసెయ్యమ్మా, ఎక్కడ వేలు పెట్టాలో చూపించు అంటారు. నేను ప్రతి వరుస కింద వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదువుతాను. ఏ వస్తువునైనా దాచేముందు దాన్ని వాడే మనిషిని అడగాలి. ఆ మనిషి చెప్పింది రాసుకోవడమూ, వినడమూ ఒకటి కాదు. చదవడం రానివాళ్ళకు చదివి వినిపించేటప్పుడు నా సొంత వాక్యం ఒక్కటీ అందులో కలవకూడదు. ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఇంతే. నా బల్ల ముందు వరుస మిగతావాటికన్నా మెల్లగా కదులుతుంది.